ఎత్తు ఉండగానే పొలం చూసుకోవాలి

(పెన్షనర్ల దినం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా తెలిసిన మిత్రులు నా తరువాత మాట్లాడబోతున్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం, "మీరు ఇంగ్లాండులో చూసివచ్చిన ఇంజను లేని విమానాల సంగతి చెప్పండి, అందరికీ కాస్త ఆటవిడుపుగా ఉంటుంది" అన్నారు. సరే అన్నాను. అయితే ఇది ఒట్టి ఆటవిడుపు మాత్రమే కాదని నా మనవి. ఆ ఒక్కరోజు చూసినదానిలో మన వయసువాళ్ళకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. దాన్ని చివర చెబుతాను.

నేను వాతావరణ శాఖలో 1973లో చేరి 2010లో రిటైరయ్యాను. బందరులో, విశాఖపట్నంలో, బేగంపేటలో పనిచేశాను. మా ఉద్యోగంలో ముఖ్యమైన పని బెలూన్లు వదలటం. హైడ్రోజను నింపిన బెలూను వదిలి, థియోడోలైటు అనే దుర్భిణీ యంత్రంతో దాన్ని వెంటాడుతూ, నిమిషం నిమిషానికీ కోణాలు రాసుకునేవాళ్ళం. బెలూను నిమిషానికి ఇంత ఎత్తు లేస్తుందని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పట్టి ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో కట్టేవాళ్ళం. వేసవి మధ్యాహ్నాల్లో మాత్రం ఒక్కొక్క బెలూను ఆ లెక్కకు లొంగేది కాదు. కింద నుంచి ఎవరో చేత్తో తోసినట్టు జర్రున పైకి పోయేది. కాసేపటికి మళ్ళీ మందగించేది. అలా తోసేది వేడెక్కి లేచే గాలి. ముప్ఫయ్యేడేళ్ళు ఆ గాలిని నేల మీద నిలబడి చూసినవాణ్ణి. దాన్ని ఎక్కి తిరిగే మనుషుల్ని చూడటం మాత్రం 2019లోనే జరిగింది.

మా రెండో అమ్మాయి, అల్లుడు మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఉంటారు. అది లండనుకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు. ఆ వేసవిలో మేమిద్దరం వాళ్ళ దగ్గరకు వెళ్ళాం. అమ్మాయి సాఫ్టువేరు ఉద్యోగం చేస్తుంది. ఏడేళ్ళ కొడుకున్నాడు. శనివారం వస్తే డన్‌స్టబుల్ అనే చోట ఉన్న లండన్ గ్లైడింగ్ క్లబ్బుకు పోతుంది. అక్కడ గ్లైడరు నడపటం నేర్చుకుందని ఫోనులో అప్పుడప్పుడూ చెబుతూ ఉండేది. మా ఆవిడ అదేదో వ్యాయామశాల అనుకుంది. వెళ్ళాక సంగతి తెలిసి, "పిల్లతల్లివి. ఇంజను కూడా లేని విమానం నీకెందుకమ్మా?" అని రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఆ క్లబ్బు 1930లో పెట్టినది. డన్‌స్టబుల్ డౌన్స్ అనే సుద్దనేల కొండల పాదాన పచ్చిక మైదానం. ప్రక్కనున్న విప్స్‌నేడ్ జంతుప్రదర్శనశాలవారు 1933లో కొండవాలు మీది పచ్చిక చెక్కి, సుద్ద కనిపించేట్టు పెద్ద సింహం బొమ్మ తీర్చారు. గాలిలో ఉన్నవాళ్ళకు అది మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుందట. క్లబ్బులో జీతానికి పనిచేసేవాళ్ళు కొద్దిమందే. మిగతా పనంతా సభ్యులదే. గ్లైడర్లు తోయటం, తాళ్ళు తగిలించటం, ఎవరు ఎప్పుడు లేచారో పుస్తకంలో రాయటం, ట్రాక్టరు నడపటం అన్నీ వంతులవారీగా చేసుకుంటారు. వాళ్ళలో సగంమంది మన వయసువాళ్ళే. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన 74 ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన నాకు అక్కడ స్నేహితుడయ్యాడు. పెన్షను అనే మాట రాగానే ఇద్దరికీ భాష అడ్డం రాలేదు.

గ్లైడరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. దానికి ఇంజను ఉండదు. పొడవైన సన్నని రెక్కలుంటాయి. మా అమ్మాయి నడిపిన ఒంటి సీటు గ్లైడరుకు ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు 15 మీటర్లు. నేల మీదున్న యంత్రం తాడుతో గుంజి అయినా, చిన్న ఇంజను విమానం వెనకాల కట్టి లాగి అయినా దాన్ని పైకి తీసుకుపోతారు. విమానం లాగితే మామూలుగా 2000 అడుగుల దగ్గర తాడు వదిలేస్తారు. అనగా సుమారు 600 మీటర్లు. ఆ క్షణం నుంచి గ్లైడరు దిగుతూనే ఉంటుంది. కదలని గాలిలో సెకనుకు ఒక మీటరు కంటే తక్కువే దిగుతుంది గాని, దిగటం మాత్రం ఆగదు.

మరి గంటల తరబడి ఎలా ఉంటారు? లేచే గాలిని వెతుక్కొని అందులో చక్కర్లు కొడతారు. మన ఊళ్ళో పదకొండు గంటల ఎండలో గద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోవటం మీరందరూ చూసినదే. ఎండ నేరుగా గాలిని పెద్దగా వేడిచెయ్యదు. నేలను వేడిచేస్తుంది, నేల గాలిని వేడిచేస్తుంది. దున్నిన ఎర్రచెలక, ఊరి పెంకులు, తారు రోడ్లు ముందు వేడెక్కుతాయి. చెరువులు, తడి పొలాలు వెనకబడతాయి. వేడెక్కిన చోటి గాలి తేలికై, బుడగలా నేల విడిచి లేస్తుంది. ఆ గాలి సెకనుకు రెండు మీటర్లు లేస్తూంటే, అందులో తిరిగే గ్లైడరు తన పాటికి తాను దిగుతూనే మొత్తం మీద సెకనుకు ఒక మీటరు పైకి పోతుంది. పైకి పోయే ఎస్కలేటరు మీద నిదానంగా కిందికి నడిచే మనిషి చివరకు పై అంతస్తుకే చేరతాడు గదా, అలాగన్నమాట.

ఇలా క్లబ్బు మైదానం చుట్టుప్రక్కలే తిరిగితే అది ఒక రకం. గాలి దొరకకపోయినా జారుకుంటూ వచ్చి ఇంట్లో దిగవచ్చు. మైదానాన్ని విడిచి, తిరిగి అందుకోలేనంత దూరం పోవటం రెండో రకం. దాన్నే క్రాస్‌కంట్రీ అంటారు. అసలు విద్య అదే. 1922లో జర్మనీలో వాసర్‌కుప్పె కొండ మీద మార్టెన్స్ అనే ఆయన గంటకు పైగా గాలిలో ఉంటే అది పెద్ద వింత. 1929లో క్రాన్‌ఫెల్డ్ 100 కిలోమీటర్లు దాటాడు. 1972లో హాన్స్ వెర్నర్ గ్రోసె జర్మనీలోని ల్యూబెక్ నుంచి ఫ్రాన్సులోని బియారిట్జ్ వరకు 1460 కిలోమీటర్లు పోయాడు. 2003లో క్లాస్ ఓల్మన్ దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల గాలి అలల మీద 3009 కిలోమీటర్లు తిరిగాడు. వీళ్ళెవరికీ ఒక్క లీటరు పెట్రోలు కూడా దారిలో ఖర్చు కాలేదు.

మా అమ్మాయి లక్ష్యం అంత పెద్దది కాదు. వెండి బ్యాడ్జి అని ఒకటుంది. ఐదు గంటలు గాలిలో ఉండాలి. తాడు వదిలిన తరువాత ఎప్పుడైనా 1000 మీటర్లు పైకి ఎక్కాలి. 50 కిలోమీటర్లు ఒంటరిగా దూరం పోవాలి. మొదటి రెండూ అయ్యాయి. మూడోది మిగిలింది. డన్‌స్టబుల్ నుంచి వాయవ్యంగా హస్బెండ్స్ బాస్‌వర్త్ అనే చోట మరో గ్లైడింగ్ మైదానం ఉంది. దూరం సుమారు 72 కిలోమీటర్లు. అక్కడికి పోయి దిగాలని సంకల్పం. దారి ఎమ్-1 రహదారికి దగ్గరగానే పోతుంది. న్యూపోర్ట్ పాగ్నెల్, నార్తాంప్టన్, నేజ్‌బీ మీదుగా.

జులై మొదట్లో ఒక శనివారం. అల్లుడు ఉద్యోగం పని మీద వేరే దేశం వెళ్ళాడు. మనవణ్ణి ప్రక్కింటివారికి అప్పజెప్పి మేం ముగ్గురం క్లబ్బుకు వెళ్ళాం. మా ఆవిడ పులిహోర డబ్బా పట్టుకుంది. నేను రానంటే రానన్న మనిషి, తీరా బయలుదేరేవేళకు కారులో మొదట ఎక్కి కూర్చుంది.

పది గంటలకు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఆనాటి వాతావరణం చెప్పారు. తెర మీద టెఫిగ్రాము వేశారు. బేగంపేటలో నేను పెన్సిలుతో గీసిన పటమే. పాత మిత్రుణ్ణి పరదేశంలో చూసినట్టయింది. మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, మంచుబిందువు 10 డిగ్రీలు అన్నారు. లేచే గాలి ప్రతి 100 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుంది. ఆ రెండు అంకెల తేడాను 125తో హెచ్చవేస్తే మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో ఉరామరిగా వస్తుంది. 12ను 125తో హెచ్చవేస్తే 1500 మీటర్లు. సుమారు 5000 అడుగులు. నేను చెయ్యెత్తి అంకె చెప్పాను. తపాలా పెద్దమనిషి వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. చివర్లో ఒక హెచ్చరిక కూడా చేశారు. మధ్యాహ్నం తరువాత ఉత్తరాన మబ్బులు పరుచుకొని ఎండ మూసేసే అవకాశం ఉందని.

గ్లైడరు పొడవాటి ట్రెయిలరు పెట్టెలో ఉంటుంది. బయటికి లాగి, రెక్కలు తగిలించి, పిన్నులు వేసి, ఒకరు లోపల కర్ర కదిలిస్తుంటే మరొకరు బయట ఆ పలకలను చేత్తో గట్టిగా పట్టుకొని, అన్నీ సరిగా తగులుకున్నాయా లేదా అని పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష జరిగేటప్పుడు ఎవరూ పలకరించకూడదట. పారాషూటు కట్టుకుంది. పటం, నీళ్ళ సీసా, ఫోను సర్దుకుంది. వాళ్ళమ్మ నుదుటన ఇంత కుంకుమ పెట్టింది. పన్నెండూ పదికి తాడు బిగిసింది.

మన పెద్దలు "గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం" అంటారు. మా ఆవిడ అదే మాట పైకే అన్నది. తపాలా పెద్దమనిషి అర్థం అడిగితే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఫోనులో ఉన్న ఒక పటం తెరిచాడు. గ్లైడర్లలో ఒక చిన్న పరికరం ఉంటుంది. అది తానెక్కడున్నదీ చుట్టూ చెబుతూ ఉంటుంది. నేల మీద అక్కడక్కడా ఉన్న గ్రాహకాలు విని పటం మీద చుక్కగా చూపిస్తాయి. ముగ్గురం ఆ చుక్కను చూస్తూ కూర్చున్నాం.

డన్‌స్టబుల్ దగ్గర్లోనే లూటన్ విమానాశ్రయం ఉంది. పెద్ద విమానాల దారిలోకి పోకూడదు గనుక మొదట్లో ఎక్కువ ఎత్తుకు పోనివ్వరు. అరగంట సేపు అక్కడక్కడే తిరిగింది. తరువాత చుక్క ఉత్తరానికి జరిగింది. మిల్టన్ కీన్స్ ప్రక్క నుంచి, అనగా తన ఇంటి కప్పుకు దగ్గరగానే, పోయింది. న్యూపోర్ట్ పాగ్నెల్ దాటింది. నార్తాంప్టన్ మీద పెద్ద చక్కర్లు కొట్టింది. ఊరి కప్పుల వేడి బాగా పనిచేసిందని తరువాత చెప్పింది. 4500 అడుగులు చూపించింది. తపాలా పెద్దమనిషి, "ఇక సగం దారి దాటింది" అన్నాడు. మా ఆవిడ డబ్బా మూత తీసి అందరికీ పులిహోర పెట్టింది.

ఒకటిన్నర దాటాక ఉత్తరాన మబ్బు నిజంగానే పరుచుకుంది. ఎత్తు అంకె తగ్గుతూ వచ్చింది. 3500, 2800, 2100. నేజ్‌బీ దగ్గర 1400 అని చూపించి చుక్క ఆగిపోయింది. కదల్లేదు.

ఆ పది నిమిషాలు నేను మీకు వర్ణించను. పిల్లల కోసం ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నవాళ్ళం మనందరం. తపాలా పెద్దమనిషి మాత్రం తొణకలేదు. "ఆగింది చుక్క, గ్లైడరు కాదు. కిందికి దిగితే మిట్టలు, చెట్లు అడ్డమొచ్చి గ్రాహకానికి వినిపించదు. ప్రతిసారీ ఇంతే" అన్నాడు. అంటూనే లేచి, తన కారుకు ఖాళీ ట్రెయిలరు తగిలించటం మొదలుపెట్టాడు. నాకు ధైర్యం కలిగించింది ఆయన మాటకంటే ఆ పనే. మనిషి కంగారులో లేడు. తెలిసిన పని చేస్తున్నాడు.

రెండూ పదికి ఫోను మోగింది. "నాన్నా, దిగాను. నేను బాగున్నాను, గ్లైడరు బాగుంది. గడ్డి కోసిన పొలం. అమ్మకు ఇవ్వు."

నేజ్‌బీ అంటే 1645లో రాజు ఒకటో చార్లెస్ సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ పెద్ద యుద్ధం జరిగిన చోటు. షేక్స్‌పియరు ఊరి ప్రక్కన పారే ఏవన్ నది అక్కడే పుడుతుంది. మేం నాలుగు గంటలకు చేరాం. పొలం మధ్యలో తెల్లటి గ్లైడరు, రెక్క ప్రక్కన కూర్చుని మా అమ్మాయి. రైతు, ఆయన భార్య టీ ఇచ్చి ఉన్నారు. మా ఆవిడ మిగిలిన పులిహోర వాళ్ళకు పెట్టింది. రైతు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

అక్కడ మా ఆవిడే అడిగింది. "ఇంకో ఏడు కిలోమీటర్లేనటగా ఆ మైదానం. అక్కడిదాకా పోలేకపోయావా?"

అమ్మాయి చెప్పిన జవాబు ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి. ఉన్నదున్నట్టు లెక్క చెబుతాను.

ఆ గ్లైడరు ఒక కిలోమీటరు ఎత్తు నుంచి 40 కిలోమీటర్లు జారుతుందని దాని పుస్తకంలో ఉంటుంది. అది కదలని గాలిలో. నిజం గాలిలో ఎదురుగాలి ఉంటుంది, లేచే గాలి ప్రక్కనే దిగే గాలి ఉంటుంది. అందుకని జాగ్రత్తపరులు 40ని సగం చేసి 20 అనుకుంటారు. ఆ సమయానికి ఆమె ఎత్తు 1500 అడుగులు, అనగా 450 మీటర్లు. పుస్తకం లెక్క ప్రకారం ఏడు కిలోమీటర్లకు 175 మీటర్లు పోతాయి. హాయిగా చేరవచ్చు. సగం లెక్క ప్రకారం 350 మీటర్లు పోతాయి. మిగిలేది 100 మీటర్లు. మైదానం చుట్టూ తిరిగి, గాలికి ఎదురుగా సరిగా దిగటానికి ఆ ఎత్తు చాలదు. పైగా నేజ్‌బీ దగ్గర నేల డన్‌స్టబుల్ మైదానం కంటే మిట్ట. ఎత్తుకొలత యంత్రం ఇంటి దగ్గర సున్నా పెట్టి వచ్చినది. అది ఎక్కువ చూపిస్తుంది. ఎండ పోయింది గనుక దారిలో లేచే గాలి దొరుకుతుందన్న ఆశా లేదు.

"నాన్నా, మాకు నేర్పే పద్ధతి ఇది. 2000 అడుగులకు వచ్చేసరికి దిగటానికి వీలైన ప్రాంతం చూసుకోవాలి. 1500కు ఒక పొలం ఖాయం చేసుకోవాలి. ఎంత పొడవుంది, వాలు ఎటుంది, పైరు ఉందా కోశారా, గొడ్లు ఉన్నాయా, దిగే దారిలో కరెంటు తీగలు ఉన్నాయా, అన్నీ చూడాలి. 1000 అడుగులకు ఇక ఆ పొలం చుట్టూ దిగటం మొదలుపెట్టాలి. తరువాత మనసు మార్చుకోకూడదు. పొలాల్లో దెబ్బతినేవాళ్ళు చాలామంది పొలం చెడ్డదై కాదు, ఆలస్యంగా చూసుకొని దెబ్బతింటారు. ఇంకొంచెం పోదాం, ఇంకొంచెం పోదాం అంటూ ఎత్తంతా అయిపోయాక కిందికి చూస్తే, అప్పుడు ఏది ఎదురుగా ఉంటే అదే పొలం."

తరువాత ఇంకొక మాట చెప్పింది. అది నేను మరిచిపోను.

"పొలం చూసుకునేదాకానే అమ్మా భయం. ఒకసారి ఖాయం చేసుకున్నానా, మనసు తేలికైపోతుంది. ఆ పొలం మీదే తిరుగుతూ 1000 అడుగులు వచ్చేదాకా మళ్ళీ గాలి వెతుక్కుంటాను. ఎన్నోసార్లు అక్కడే దొరుకుతుంది కూడా. పొలం చూసుకోవటం అంటే దిగిపోవటం కాదు. నిశ్చింతగా ఎగరటానికే అది."

ఆమెకు ఆ రోజు గాలి దొరకలేదు. కానీ అప్పటికి డన్‌స్టబుల్ నుంచి 65 కిలోమీటర్లు వచ్చింది. 50 దాటితే చాలు గనుక వెండి బ్యాడ్జి వచ్చింది. తరువాత నలుగురం కలిసి రెక్కలు ఊడదీశాం. మొదలు పట్టుకునేవాడికి బరువు, చివర పట్టుకునేవాడికి ఓర్పు. నాకు చివర ఇచ్చారు. రెక్కను పడుకోబెట్టిన బిడ్డను ఎత్తినట్టు ఎత్తి పెట్టెలో పెట్టాం. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. జులైలో అక్కడ అప్పటికి ఇంకా వెలుతురే.

ఇక మన సంగతి.

మేం సెప్టెంబరులో తిరిగివచ్చాం. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ బీరువా తెరిచి కాగితాల సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. "మన పొలం చూసుకుందామా?" అన్నది. మన ఇళ్ళల్లో ఈ మాట ఎత్తితే "ఆ అశుభం ఇప్పుడెందుకు" అంటారు. మా ఇంట్లో అలా అనే మనిషే ఆవిడ. నేజ్‌బీ పొలంలో కూతురు చెప్పింది ఆవిడ నాకంటే బాగా విన్నది.

మన ఎత్తు ఏమిటి? కళ్ళు కనిపించటం, చెయ్యి వణకకుండా సంతకం రావటం, జ్ఞాపకం సరిగా ఉండటం, బ్యాంకు మెట్లు ఎక్కగలగటం. ఇదే మన ఎత్తు. 75కు, 80కి అది తగ్గుతుంది. ఒక్కోసారి అంతకుముందే తగ్గుతుంది. అది ఉండగా చూసుకోవలసినవి నాలుగు చెబుతాను.

ఒకటి. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయా? ఆధారులో ఉన్న పేరు, బ్యాంకులో ఉన్న పేరు, పి.పి.ఓ.లో ఉన్న పేరు ఒకటేనా? మనకు తెలిసిన ఒక సోదరి, భర్త పోయిన తరువాత కుటుంబ పెన్షను కోసం ఎనిమిది నెలలు తిరిగింది. ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకొక కాగితంలో అత్తింటివాళ్ళు మార్చిన పేరు. ఆయన బ్రతికుండగా అయితే ఒక దరఖాస్తుతో పోయే పని.

రెండు. మనలో కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు పెన్షను ఖాతాను భార్యాభర్తలు ఉమ్మడిగా పెట్టుకునే వీలుంది. అలా ఉంటే ఒకరి తరువాత ఒకరికి అదే ఖాతాలో కుటుంబ పెన్షను కొనసాగించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ, ఇతర సంస్థల పెన్షనర్లు తమ తమ నిబంధనలు కనుక్కోవాలి. ఇతర డిపాజిట్లకు నామినేషను వేశామా లేదా చూసుకోవాలి.

మూడు. వైకల్యం ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే, నిబంధనలకు లోబడి ఆ బిడ్డకు కుటుంబ పెన్షను వచ్చే అవకాశం ఉంది. ఆ పేరు తల్లిదండ్రులు బ్రతికుండగానే ఎక్కించుకోవటం ఎంతో మేలు. మన తరువాత ఆ బిడ్డ తన తరపున తాను తిరగలేదు గదా.

నాలుగు. నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణపత్రం. 2014 నుంచి కంప్యూటరు ద్వారా వేలిముద్రతో ఇచ్చే పద్ధతి వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయి పడనివాళ్ళు ముందే బ్యాంకువారితో మాట్లాడుకోవాలి. నవంబరు 29న వెళ్ళి యంత్రాన్ని తిట్టుకుంటే లాభం లేదు.

ఇవన్నీ చేసుకోవటం చావుకు సిద్ధపడటం అని కొందరనుకుంటారు. కాదు. మా సంచీ సర్దటం మూడు మధ్యాహ్నాల్లో అయిపోయింది. నాలుగోనాడు మా ఆవిడ, ఎన్నేళ్ళ నుంచో వాయిదా వేస్తున్న కాశీయాత్రకు టిక్కెట్లు తీయించమన్నది. తీయించాను. వెళ్ళివచ్చాం. ఆమె చెప్పిన కారణం, "ఇక ఇంటి దగ్గర చూసుకోవలసింది ఏముంది?" అని. పొలం ఖాయం చేసుకున్నవాళ్ళు దిగిపోలేదు. మళ్ళీ గాలి వెతుక్కున్నారు.

పిల్లల గురించి కూడా ఒక్క మాట. మన పిల్లలు మనకు అందనంత దూరం పోయారని బెంగ పెట్టుకుంటాం. మా ఆవిడ ఇప్పటికీ శనివారం వస్తే ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంటుంది. భయం పోలేదు. అయితే మునుపటిలా "ఎందుకమ్మా" అని అడగదు. "పొలాలు కోశారా?" అని అడుగుతుంది. అక్కడ కోతలు అయ్యాయో లేదో మా ఇంట్లో ఇప్పుడు అందరికీ తెలుసు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సభ ముగిశాక వెనక వరస దగ్గర ఒక బల్ల వేయించారు. నేను, మన కోశాధికారిగారు అక్కడ కూర్చుంటాం. పి.పి.ఓ. నకలు, ఆధారు నకలు తెచ్చుకున్నవాళ్ళు చూపించండి. పేర్లు సరిపోయాయో లేదో అక్కడికక్కడ చూసి చెబుతాం. సరిపోకపోతే దరఖాస్తు రాసిపెడతాం. ఈ రోజు తేనివాళ్ళు వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. భార్యను కూడా వెంట తీసుకురండి. ఆ కాగితాలతో రేపు తిరగవలసివస్తే తిరిగేది ఆవిడే.